సైకిలు సీటును గూర్చి

సైకిలు సీటును గూర్చి పాఠశాల సంచికలో వ్యాసము వ్రాయుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. వెనుకటి సంచికలలో మేము వ్యాకరణమును గూర్చియు, ఉత్తరములు వ్రాయు పద్ధతిని గూర్చియు వ్రాసియుంటిమి. ఈ యేడు సంపాదకులు వచ్చి వ్యాసమడిగినప్పుడు మాకు మరియొక సంగతి తోచలేదు. కొంతకాలముగా మా మనస్సు మన పాఠశాల సైకిళ్ల పాకలోనే తిరుగుచున్నది. మేమెరిగినవారిలో సైకిలును పోగొట్టుకొన్నవారు కొలదిమంది. దాని సీటునో, బెల్లునో, గాలిపంపునో, లైటునో పోగొట్టుకొని యిల్లు చేరినవారు పెక్కుమంది. వారిలో మేమును ఒకరము.

మా తండ్రిగారు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులు. వారికొక హెర్క్యులిస్ సైకిలుండెను. దాని సీటు తోలుది. ఇట్టి తోలు సీటునకు ఇంగ్లాండులోని బర్మింగ్‌హాము పట్టణమున తోలుపని చేయుచుండిన బ్రూక్సు అను నాయన 1882 లో పేటెంటు పొందెను. ఆయన గుఱ్ఱము చనిపోగా సైకిలెక్కెననియు, దానిమీది గట్టి సీటు బాధ కోర్వలేక తానే మెత్తనిదానిని కల్పించుకొనెననియు ఆ కంపెనీవారు చెప్పుకొందురు. ఈ సీటులో దూది లేదు, రబ్బరు లేదు. ఇనుప చట్రముపై దళమైన తోలును డోలువలె బిగింతురు. కొంతకాలమునకు అది ఎక్కువాని యొడలికి తగినట్లు అచ్చు పడును. తోలు సడలినచో ముందుకొన క్రిందనున్న మరను త్రిప్పి మరల బిగింపవచ్చును. మా తండ్రిగారు సెలవు దినములలో ఆ మరను తడవి చూచుచు, తోలునకు నూనె రాయుచు గంటసేపు గడపువారు. వారి సీటుపై మరియొకరు కూర్చున్నచో ఎక్కడనో గుచ్చుకొనుచుండెడిది. దానిని దొంగిలించినవానికి తోలును ఇనుమును దక్కును గాని, ఇరువది యేండ్ల సుఖము దక్కదు.

దొంగిలించినవాడొకడు ఉండెను. 2003 లో మేము బి.ఇడి. చదువుటకు గుంటూరు పోవునప్పుడు మా తండ్రిగారు ఆ సైకిలును మాకిచ్చిరి. ఒకనాటి రాత్రి సినిమాకు పోయితిమని యిచ్చట ఒప్పుకొనక తప్పదు. సైకిళ్ల స్టాండులో డబ్బిచ్చి చీటి పుచ్చుకొంటిమి. వెనుక చక్రమునకు తాళము వేసి, ఆ తాళపుచెవిని జేబులో పెట్టుకొని, నిశ్చింతగా లోపలికి పోయితిమి. ఆట ముగిసిన తరువాత వచ్చి చూడగా సైకిలు నిలిచియుండెను, తాళమును ఉండెను. సీటు మాత్రము లేదు. దాని స్థానమున నోరు తెరచుకొన్న గొట్టము మమ్ము చూచుచుండెను. స్టాండువాడు గోడమీది పలకను చూపెను. విడి సామానులకు తమ బాధ్యత లేదని దానిపై వ్రాసియుండెను. ఆ రాత్రి పెడళ్లమీద నిలుచుండియే గది చేరితిమి. దారిలో టీకొట్టుకడ కూర్చుండినవారు నవ్విన నవ్వు ఇప్పటికిని చెవులలో నున్నది.

నాటి నుండియే మేము దేశవాళీ సైకిలు తాళమును గూర్చి ఆలోచించుట నేర్చితిమి. ఆ గుండ్రని తాళము చక్రమును తిరుగనీయదు, అంతియే. సైకిలు నెత్తి భుజముమీద పెట్టుకొని పోవువానిని అది ఆపలేదు. సీటుతో దానికి సంబంధమే లేదు. సీటు క్రింది గొట్టమును ఫ్రేము గొట్టములోనికి దింపి ఒక్క మరతో బిగింతురు. ఆ గొట్టముపై సీటును మరియొక మర పట్టియుంచును. చిన్న పానా యొకటి యున్నచో ఈ రెంటిలో దేనినైనను విప్పుటకు నిమిషము పట్టదు.

మరునాడు పాత సామానులమ్ము అంగడికి పోయితిమి. అచ్చట ఒక తోలు సీటు క్రొత్తదాని వెలలో మూడవవంతునకే దొరికెను. ఇది ఎచ్చటనుండి వచ్చినదని మేమడుగలేదు, అంగడివాడు చెప్పలేదు. నెల గడచిన పిమ్మట స్ప్రింగులకు నూనె వేయుటకై సైకిలును తలక్రిందులు చేసినప్పుడు, తోలు అడుగున మేకుతో గీచిన రెండక్షరములు కనబడినవి: కో. వి. ఎవరో తన సొత్తని గుర్తు పెట్టుకొన్నారు. వారును ఏ రాత్రియో నోరు తెరచిన గొట్టమును చూచి నిలువబడియుందురు. మేము సైకిలును తిన్నగా నిలిపి ఎప్పటివలె ఎక్కి తిరిగితిమి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా తండ్రిగారు, “సీటు మారినదేమిరా?” యని యడిగిరి. “పాతది చినిగిపోయినది నాయనా” యని చెప్పితిమి. ఆయన ఏమియు ననలేదు. 2011 లో గతించువరకును మరల ఆ మాట యెత్తలేదు.

ఆ యేడే కళాశాలలో మా అధ్యాపకులొకరు ఒక ఇటలీ చలనచిత్రమును మాకు చూపిరి. విత్తోరియో డి సికా 1948 లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ అది. గోడలకు కాగితములంటించు పని దొరికిన యొక పేదవాడు, ఆ పనికి సైకిలు తప్పనిసరి యగుటచే దుప్పట్లు కుదువపెట్టి సైకిలు విడిపించుకొనును. పని మొదలుపెట్టిన నాడే అది పోవును. మరునాడు స్నేహితులతోను, చిన్న కుమారునితోను రోము నగరపు సంతకు పోయి వెదకును. దొంగలు సైకిలును ఊడదీసి అమ్ముదురని వారికి తెలియును. అందుచే ఒకడు టైర్లను, ఒకడు ఫ్రేములను వెదకగా, బెల్లులను గాలిపంపులను చూచుట ఆ పిల్లవాని వంతు. ఒకచోట ఫ్రేము మీది నంబరు చూపుమని పోలీసువానిని పిలుచుకొని వత్తురు. ఫ్రేమునకు నంబరు కలదు, బెల్లునకేమి కలదు? కడపట ఆ తండ్రి తానే యొకరి సైకిలు దొంగిలించి, కుమారుడు చూచుచుండగా పట్టుబడును. తోడి విద్యార్థులు ఆ చిత్రపు కళను గూర్చి చర్చించుచుండిరి. మేము వెనుక వరుసలో కూర్చుండి మేకుతో గీచిన రెండక్షరములను తలంచుకొనుచుంటిమి.

ఇరువదియొక్క సంవత్సరములు గడచినవి. 2024 ఆగస్టులో ఒక సాయంకాలము మన పాకలో ఏడవ తరగతి బాలికయొకతె సీటు లేని సైకిలును పట్టుకొని యేడ్చుచుండగా చూచితిమి. అది ఆమె తండ్రి వాయిదాలమీద కొన్న గేర్ల సైకిలు. సీటును దాని క్రింది గొట్టమును రెండును పోయినవి. పిల్లలు మూగిరి. వారిలో నెవరో, తొమ్మిదవ తరగతి బాలుడొకడు సంచిలో పానా పెట్టుకొని తిరుగుననిరి. ఆ బాలుడు సాయంకాలములందు తన మేనమామ సైకిలు షాపులో పనిచేయునని మేమెరుగుదుము. మరునాడు మేము తరగతిలో అందరి యెదుట వాని సంచి విప్పించితిమి. పుస్తకముల నడుమ, గుడ్డలో చుట్టిన పానా నిజముగానే యుండెను. “ఇదేమిటి?” యని యడిగితిమి. వాడు పలుకలేదు. మేము మరల గట్టిగా నడిగితిమి. తల వంచుకొని నిలువబడెనే గాని పలుకలేదు. తరగతి యంతయు వానివైపే చూచుచుండెను. తీర్పు అప్పటికే అయిపోయినది.

ఆ పిమ్మట మూడు దినములు ఆ బాలుడు బడికి రాలేదు.

ఉపాధ్యాయుల గదిలో కొందరు పోలీసువారికి తెలుపుదమనిరి. చట్టములో నేమున్నదో చూతమని మేము చదివితిమి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 303 వ సెక్షను ప్రకారము, ఐదువేల రూపాయలకు లోబడిన వస్తువును దొంగిలించి మొదటిసారి శిక్షకు పాత్రుడైనవాడు, దానినిగాని దాని వెలనుగాని తిరిగియిచ్చినచో, అతనికి సమాజసేవయే శిక్ష. మంచిదే ననుకొంటిమి. పుటలు త్రిప్పగా 317 వ సెక్షను కనబడెను. దొంగసొత్తని యెరిగియో, అట్లు నమ్ముటకు కారణముండియో దురుద్దేశముతో పుచ్చుకొన్నవాడును, తన యొద్ద నిలుపుకొన్నవాడును నేరస్థుడే. పూర్వపు శిక్షాస్మృతిలోను 411 వ సెక్షనుగా ఇదే మాట యుండెను. పుస్తకము మూసి, ఇప్పుడు పోలీసువారు వద్దని చెప్పితిమి. మా కారణము తోడి ఉపాధ్యాయులకు తెలియదు.

నాలుగవ దినమున ఆ సైకిలు షాపునకు పోయితిమి. మేనమామ లేచి స్టూలు వేసెను. బాలుడు ఒక చక్రమును ముందుంచుకొని పుల్లలు బిగించి దాని వంకర తీయుచుండెను. మమ్ము చూచియు లేవలేదు. చాలసేపు మేమేమియు మాటలాడలేదు. అప్పుడు వాడే లేచి, మరమ్మతునకు వచ్చిన గేర్ల సైకిలొకదానిని మా ముందుకు తెచ్చెను. సీటు గొట్టము ఫ్రేములోనికి దిగుచోట నున్న చిన్న మీటను ఒక్క వ్రేలితో ప్రక్కకు త్రిప్పి, సీటును పైకి లాగి, దానిని మా చేతిలో పెట్టెను.

“ఆ అమ్మాయి సైకిలు కూడా ఇలాంటిదేనండి మాస్టారూ. దీనికి పానా అక్కర్లేదండి.”

మేము ఆ సీటును పట్టుకొని నిలువబడిపోతిమి. ఇరువదియేండ్లకు పైగా బోధించిన మాకు ఆ మీట కంటబడలేదు. పానా మాత్రము కంటబడినది. ఏ సాక్ష్యము చూపి వానిని తరగతిలో నిలువబెట్టితిమో ఆ సాక్ష్యమునకు ఆ దొంగతనముతో నెట్టి సంబంధమును లేదు. తరగతిలోనే యీ మాట యెందుకు చెప్పలేదని యడుగుటకు మాకు నోరాడలేదు. అప్పుడు చెప్పినను మేము వినియుండెడివారము కామని వానికి తెలియును. మరునాడు వాడు బడికి వచ్చెను. సంచి విప్పించిన ఆ తరగతిలోనే, అందరి యెదుటను, మేము తప్పు చేసితిమని చెప్పి క్షమింపుమని యడిగితిమి. వాడు కూర్చుండి పుస్తకము తెరచెను. ఆ బాలిక సీటు నేటివరకు దొరకలేదు. ఎవరు తీసిరో తెలియలేదు.

ఆ మీట కథ కొంచెము చెప్పవలెను. ఇటలీ దేశపు సైకిలు పందెగాడు తుల్లియో కంపాన్యోలో 1930 ప్రాంతమున, పానా లేకయే చక్రమును విప్పుటకు మీటగల యిరుసును కల్పించెను. చలిలో వ్రేళ్లు కొంకర్లు పోయిన పందెగాండ్రు మరలు త్రిప్పలేక పడు పాట్లు అతడెరుగును. తరువాతి కాలమున కొండదారుల సైకిళ్లు వచ్చినప్పుడు, దిగుడులో సీటును దింపుటకును ఎక్కుడులో లేపుటకును వీలుగా అట్టి మీటనే సీటు గొట్టమునకును పెట్టిరి. మన పట్టణములో కొండ లేదు. ఏడవ తరగతి బాలిక సంవత్సరమునకొకసారి ఎదిగినప్పుడు సీటు నెత్తుకొనిన చాలును. అందుకు మీట యేల? అట్టి సైకిలు కొనిన తలిదండ్రులు మొదటినాడే ఆ మీటను తీయించి మామూలు మరను వేయించుట మంచిది. ఇది సైకిలు షాపులో తేలికగా నగు పని.

సీటును కాపాడు ఉపాయమును మాకు ఆ బాలుడే నేర్పెను. పాతబడి పారవేయు సైకిలు చైను తుండు, అడుగున్నర మొదలు రెండడుగులవరకు, తీసుకొనవలెను. దాని నిడివికి సరిపోవు పాత ట్యూబు ముక్కలో దానిని దూర్పవలెను. లేనిచో ఇనుము రాచుకొని ఫ్రేము రంగును పోగొట్టును. ఆ చైనును సీటు అడుగునున్న ఇనుప కమ్ముల గుండ, స్ప్రింగులున్నచో వాని చట్రము గుండ పోనిచ్చి, వెనుక చక్రమునకు దిగు సన్నని గొట్టమును చుట్టి, రెండు కొనలను కలిపి, చైను పిన్నును సైకిలు షాపులోని పనిముట్టుతో నొక్కింపవలెను. తరువాత పానాతో సీటును విప్పినను, గొట్టముతోకూడ పైకి లాగినను, అది సైకిలును విడిచి పోదు. కోయదలచినవాడు కోయవచ్చును, కాని పట్టపగలు పాకలో రంపము పెట్టి కోయుట మర విప్పినంత సులభము కాదు. ఖర్చు దాదాపు లేదు.

మరియొక ఉపాయము చూడ ముచ్చటగా నుండును. క్రొత్త సైకిళ్ల మరలకు తలలో ఆరుపలకల గుంట యుండును. ఎలెన్ కీ యను వంగిన చువ్వతో త్రిప్పుదురు. ఐదు మిల్లీమీటర్ల గుంటలో, ఇరుసులలో వేయు అంగుళములో పదునారింట మూడు వంతుల ఉక్కు గుండు సరిగా కూర్చుండును. గుండు వేసి పైన కొవ్వొత్తి మైనము కరగించి పోసినచో చువ్వ దూరదు. సీటు నెత్తవలసినప్పుడు సూదితో మైనమును గీకి గుండును తీసికొనవచ్చును. మా తరగతి పిల్లలు ఒక పూటలో ఇరువది సైకిళ్లకు ఇట్లు చేసిరి. మైనము నేలనంతటను పోసిరి గనుక ఊడ్చువారు మాపై కోపగించిరి.

కొందరు సీటును విప్పి వెంట తీసికొని పోదురు. మేమును ఒక వారము అట్లు చేసితిమి. సీటును చంకబెట్టుకొని పదవ తరగతిలో ప్రవేశించిననాడు ఛందస్సు పాఠము సాగలేదు. పైగా తెరచియున్న గొట్టములో వాననీరు దిగి లోపల త్రుప్పు పట్టును. బెల్లునకును లైటునకును ఉపాయము తక్కువ. ఊడదీయ వీలగు లైటును, గాలిపంపును సంచిలో వేసికొనుటయే మేలు. తాళము మాట: గొలుసు తాళమును చక్రమునకు మాత్రము గాక, చక్రమును ఫ్రేమును కలిపి, పాకలోని ఇనుప కంబమునకు వేయవలెను. ఫ్రేము నంబరు సాధారణముగా పెడళ్ల యిరుసుండు గొట్టము అడుగున చెక్కియుండును. దానిని ఫోనులో ఫొటో తీసి యుంచుకొనవలెను. విడిభాగములకు నంబరుండదు గనుక సీటు అడుగున పేరు గీయుటయే మార్గము. అది దొంగను ఆపదు. కొనువానిని ఆపునా యను ప్రశ్నకు మా యనుభవము ఇదివరకే చెప్పితిమి.

ఆ నవంబరులో శనివారము మధ్యాహ్నములందు పాకలో గొలుసులు వేయు పని సాగెను. ఆ బాలుడు పానాను ఇప్పుడు గుడ్డలో చుట్టక చేతబట్టుకొని తిరుగుచుండెను. చిన్నపిల్లలు వాని వెంటబడి తమ సైకిలే ముందనుచుండిరి. సంచి సంగతి వాడు మరచెనని మేమనుకొనము. మమ్ము చూచునప్పుడు ఇప్పటికిని ఒక్క క్షణము ఆగి చూచును.

కడపటి శనివారమున, “మీ సైకిలుకీ వేద్దామండి మాస్టారూ” యనెను. మా తండ్రిగారి సైకిలు మాయొద్ద నింకను ఉన్నది; గుంటూరులో కొన్న ఆ సీటే దానికున్నది. వాడు సైకిలును తలక్రిందులు చేసి, దుమ్ము తుడిచి, చైను దూర్చుటకు వంగి చూచి, ఆగెను.

“ఇవెవరి పేరండి?”

“ఎవరిదో మాకు తెలియదు” అని మొదలుపెట్టి, సినిమా స్టాండును, పాత సామానుల అంగడిని, మా తండ్రిగారడిగిన ప్రశ్నను, మేమిచ్చిన జవాబును అన్నియు చెప్పితిమి. ఇంతవరకు ఎవరికిని చెప్పి యెరుగము. వాడు మోకాళ్లమీద కూర్చుండి, చైను తుండును చేతిలో త్రిప్పుచు చివరవరకు వినెను. తరువాత ఆ యక్షరములను బొటనవ్రేలితో నొకసారి తడవి చూచి, “అయితే గొలుసు వెయ్యమంటారా, వద్దంటారా?” యనెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. కొంచెము సేపటికి వేయుమంటిమి. ఆ సీటు మన పాకలో తూర్పు ప్రక్కనుండి మూడవ సైకిలుమీద నున్నది. అడుగున కో. వి. యను నక్షరములు కలవు. ఆ పేరు గలవారుగాని, వారినెరిగినవారుగాని యీ పత్రిక చదువుట తటస్థించినచో వచ్చి చూడవచ్చును. చైను పిన్ను తీయు పనిముట్టు మా బల్ల సొరుగులో సిద్ధముగా నున్నది.